రాణిగారి ఎడమ చెవి

మన పద్యనాటకాల్లో రాణి చచ్చిపోవడానికి ఎక్కువ దారులు లేవు. విషం తాగాలి, లేకపోతే చితి ఎక్కాలి, అదీ కాకపోతే మొగుడి కత్తికి మెడ వంచాలి. ఏ దారిన పోయినా పోయేముందు అతణ్ణి క్షమిస్తూ ఒక పద్యం పాడి మరీ పోవాలి. రాజకుమారి ఈ చావులన్నీ చచ్చింది. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టి నలభై అయిదు దాటేదాకా గూడూరులో, పెడనలో, అవనిగడ్డలో, ఉయ్యూరులో, ఎక్కడ తిరునాళ్ళకి స్టేజీ కడితే అక్కడ చస్తూనే ఉంది. చచ్చిన ప్రతిసారీ లేచి, ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుని, వ్యానెక్కి బందరొచ్చి, మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెట్టేది.

వాళ్ళ నాటక సమాజం ఎక్కువగా ఆడేది 'హేమవల్లి'. కథ చిన్నదే. విజయధ్వజుడనే రాజుకి భార్య హేమవల్లి మీద ఎవడో చాడీ చెబుతాడు. రాజు విచారించడు. విచారిస్తే నాటకం తొందరగా అయిపోతుంది. నిండుసభలోకి ఆమెని పిలిపించి చెంపదెబ్బ కొడతాడు. ఆమె కిందపడి, లేచి, నన్ను కొట్టిన మీ చెయ్యి నొవ్వలేదు కదా స్వామీ అనే అర్థంతో శివరంజనిలో ఒక పద్యం పాడి, విషం తాగి పోతుంది. తర్వాత నిజం బయటపడుతుంది. అప్పుడు రాజు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆరేడు పద్యాలు పాడతాడు. చచ్చేది ఆవిడ, పద్యాలు ఆయనవి. జనం ఏడ్చేదీ ఆయన కోసమే. పాపం, ఎంత మంచి పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు! ఈ నాటకం స్త్రీ ఔన్నత్యాన్ని చాటుతుందని ప్రతి సభలోనూ ఎవరో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని చెబుతాడు. చెప్పాక శాలువా కప్పించుకుంటాడు.

విజయధ్వజుడు శామ్యూల్ రాజ్. నాటకంలోనే కాదు, ఇంట్లోనూ రాజకుమారికి అతనే మొగుడు. పగలు ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా, ఆదివారం గుడిలో ముందు బెంచీ, మిగతా కాలం మహారాజు. పుట్టుకతో క్రైస్తవులు పురాణాల రాజుల వేషాలు కట్టడం బందరులో ఎవరికీ వింత కాదు. పద్యానికి మతం లేదని సన్మానసభల్లో అంటూ ఉంటారు. కావచ్చు. పెళ్ళాన్ని కొట్టే సీనుకైతే అసలే లేదు.

శామ్యూల్ రాజ్ గొంతు పెద్దది, మనిషి నిండైనవాడు. అన్నిటికంటే పెద్ద పేరు అతనికి 'అందుకోవడం'లో వచ్చింది. స్టేజీ మీద ఎదుటివాడు మాట మరిచిపోయినా, కిరీటం ఊడి కిందపడినా, కరెంటు పోయినా, అప్పటికప్పుడు ఒక వాక్యం కల్పించి, అదంతా నాటకంలో ఉన్నదే అన్నట్టు నడిపించేస్తాడు. ఒకసారి నాగాయలంకలో కుక్క సభలోకి వస్తే దాన్ని కూడా శత్రురాజు గూఢచారిని చేసి పంపించాడు. శామ్యూల్ రాజ్ ఉన్న స్టేజీ మీద పొరపాటన్నది జరగదు, జరిగినా తెలియదు అని తోటివాళ్ళు చెప్పుకుంటారు.

రాజకుమారిది నాగాయలంక దగ్గర పల్లె. తండ్రి పోయాక తల్లి కృపమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి పెంచింది. క్రిస్మస్ పాటల్లో ఆ పిల్ల గొంతు విని శామ్యూల్ రాజ్ చేసుకున్నాడు. దేవుడిచ్చిన గొంతు అనేవాళ్ళు అందరూ. గొంతు సరే, అసలు గొప్పది ఆమె చెవి. హార్మోనియం మెట్టు ఒకటి రవ్వంత శ్రుతి దిగినా ఆమె కనుబొమ కదిలేది. సమాజంలో హార్మోనియం వాయించే ఫిలిప్ కొత్త పెట్టె కొనేటప్పుడు ఆమెని వెంటబెట్టుకు వెళ్ళాడు. పిల్లలు కలగలేదు. దానికీ ఆమెనే ప్రార్థనల్లో లేపి నిలబెట్టారు. ఇల్లు అద్దెది, వేషాలు సమాజానివి, నగలు చిలకలపూడి కవరింగువి. ఆ చెవి ఒక్కటీ ఆమెది. పద్యం ఎత్తుకుని శ్రుతిలో నిలబడ్డంతసేపూ ఎవరి పెళ్ళామూ కాదు తను, ఏ ఊరిదీ కాదు. ఆ కాసేపటి కోసం మిగతా అంతా భరించేది.

భరించడానికి చాలానే ఉండేది. చిలకలపూడిలో వాళ్ళది రెండు గదుల వాటా. గోడ అవతల అనసూయ అనే ఆవిడ ఉండేది, మంచి మనిషే. వాళ్ళింట్లోంచి అరుపూ, వెనకే ఏడుపూ వినిపిస్తే అనసూయ టీవీ సౌండు తగ్గించి మరీ వినేది. మర్నాడు కుళాయి దగ్గర పలకరించేది.

"నిన్న సాయంత్రం ఆ సీను ఎంత బాగా కుదిరిందనుకున్నారు! అన్నయ్యగారు తిడుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచిందండి. గుడివాడలో ఆడతారా అది?"

"ఆ, ఆడతాం," అనేది రాజకుమారి.

ఏమంటుంది మరి? పద్యాలు పాడుకునే ఇంట్లో ఏడుపు వినిపిస్తే అది రిహార్సలే. వీధివీధంతా అంతే అనుకుంది. ఇంకో ఇంట్లో అయితే కనీసం ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు.

స్టేజీ మీద దెబ్బ సంగతి వేరు. అది నిజానికి తబలా దెబ్బ. రాజు చెయ్యి ఎత్తి విసురుతాడు, చెయ్యి చెంపకి ఇంత ఎడంలో గాలిలో పోతుంది, సరిగ్గా అప్పుడే తబలా వాయించే మార్కు ఠప్పుమని ఒక్కటి వేస్తాడు, రాణి తల పక్కకి విసిరి పడిపోతుంది. తాతల నాటి పద్ధతి. ముగ్గురికీ తాళం కుదిరితే వెనక వరసలో ముసలమ్మలు కూడా అమ్మో అని చెంపలు పట్టుకుంటారు. అన్నేళ్ళలోనూ శామ్యూల్ రాజ్ చెయ్యి స్టేజీ మీద ఆమెకి తగల్లేదు. ఆమెకి స్టేజీ ఇష్టమవడానికి అదీ ఒక కారణం.

తగిలింది కోడూరులో.

ఆ మధ్యాహ్నం వ్యాను పులిగడ్డ వంతెన మీద పోతుండగా పాత పద్యాలు పాడుకుంటున్నారు. రాజుగారి ఏడుపు పద్యాల్లో రెండోది శామ్యూల్ రాజ్ ఎత్తుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న రాజకుమారి అలవాటు కొద్దీ అంది: "పైకెళ్ళేచోట కాస్త దిగుతున్నారండి. మొన్న పెడనలోనూ దిగారు."

ఫిలిప్ నవ్వేశాడు. "చెల్లెమ్మ చెవికి దొరక్కుండా తప్పించుకోలేం బావగారూ. నేనూ విన్నాను గానీ చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు."

వ్యానులో అందరూ నవ్వారు. శామ్యూల్ రాజ్ కూడా నవ్వాడు. "అవునర్రా, మా ఆవిడకి పాముచెవులు," అన్నాడు. మళ్ళీ కోడూరు వచ్చేదాకా పాడలేదు.

ఆ రోజు ముందు వరసలో చాపమీద కృపమ్మ కూర్చుంది. పుట్టిల్లు దగ్గర ఆట, ఊళ్ళోవాళ్ళని నలుగురిని వెంటేసుకుని ఆటో కట్టించుకుని వచ్చింది. సభ సీను వచ్చింది. రాజు చెయ్యి ఎత్తాడు. మార్కు తబలా మీద చెయ్యి లేపాడు. కానీ రాజు చెయ్యి గాలిలో పోలేదు. దెబ్బ చప్పుడు తబలాలోంచి కాకుండా రాణి ఎడమ చెంపలోంచి వచ్చింది. మార్కు చెయ్యి అలాగే ఉండిపోయింది.

రాజకుమారి పడింది. ఏం జరిగిందో తెలియడానికి ఒక క్షణం పట్టింది. లేచి నిలబడి, వేరే ఏం చెయ్యాలో తోచక, పద్యం ఎత్తుకుంది. ఆ గొంతులో అంతకు ముందెన్నడూ లేనిదేదో ఉంది. పద్యం అయ్యేసరికి పందిరి లేచిపోయింది. వన్స్‌మోర్, వన్స్‌మోర్!

వన్స్‌మోర్ అంటే కాదనడానికి లేదు. పద్యనాటకంలో అది జనం హక్కు. విషం తాగి చచ్చినవాళ్ళు కూడా వన్స్‌మోర్ వస్తే లేచి పాడి, మళ్ళీ పడుకోవాలి. అయితే ఆ పద్యం దెబ్బతో మొదలవుతుంది. ఎవరో కుర్రాళ్ళు "కొట్టుడు కాడ్నుంచీ, కొట్టుడు కాడ్నుంచీ!" అని అరిచారు. శామ్యూల్ రాజ్ జనానికి నమస్కారం పెట్టాడు. రాణి తన చోటుకి వెళ్ళి నిలబడింది. వెళ్ళకుండా ఉండొచ్చని ఆమెకి తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా వెళుతున్న చోటది.

రెండోసారి ఇంకా గట్టిగా తగిలింది. ఈసారి మార్కు తబలా తప్పలేదు. దెబ్బ మీద సరిగ్గా దెబ్బ వేశాడు.

అక్కణ్ణుంచి ఆమె ఎడమ చెవిలో ఈల మొదలైంది. ప్రెషర్ కుక్కరు ఈల అనుకుంది ముందు, ఆగుతుందని. ఆగలేదు.

బందరులో చెవి డాక్టరు లైటు పెట్టి చూశాడు. కర్ణభేరి చినిగింది, లోపల నరం కూడా దెబ్బతింది, ఈ చెవి మీద ఆశ పెట్టుకోవద్దమ్మా అన్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా శామ్యూల్ రాజ్ అందుకున్నాడు.

"స్టేజీ మీదండి. ఆర్టిస్టులం. సీనులో లీనమైపోయాను. నాదే తప్పు."

డాక్టరు ముఖం విప్పారింది. "మీరా విజయధ్వజుడు! మా మావయ్యగారు మీ ఫ్యాన్ అండి." చీటీ రాసిచ్చి గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. రాజకుమారికి చెవిలో వెయ్యడానికి చుక్కల మందు రాశాడు.

రెండు వారాల తర్వాత రిహార్సల్లో తెలిసింది అసలు సంగతి. వాళ్ళ సమాజంలో హార్మోనియం ఎప్పుడూ స్టేజీకి ఎడమ కొసన ఉంటుంది. కుడికొసన తబలా. రాణి రాజుకి ఎడమపక్కన నిలబడాలి, అది వామభాగం. అంటే ఇన్నేళ్ళుగా ఫిలిప్ పెట్టె ఆమె ఎడమ చెవిలోకి వాయిస్తున్నాడు. ఇప్పుడా చెవిలో ఈల తప్ప ఏమీ లేదు. ఆ ఈలకీ ఒక శ్రుతి ఉంది, అది ఏ రాగంలోనూ ఇమడదు. కుడి చెవిలో మార్కు తబలా, మొగుడి గొంతు. రాజకుమారి పద్యం ఎత్తుకుంది. రెండో పాదానికే ఫిలిప్ మెట్లమీంచి వేళ్ళు తీసేశాడు.

"అమ్మాయ్, ఏమైంది?" అన్నాడు. ఆమె ఎప్పుడూ దిగదు. అతనికది సూర్యుడు పడమట లేచినట్టుంది.

మిగతావాళ్ళు టీ తాగడానికి బయటికెళ్ళినప్పుడు ఆమె పెట్టె పక్కన కూర్చుంది. "అన్నయ్యా, నీ పెట్టె ఆ పక్కకి పెట్టుకుంటావా? కుడిపక్కకి. మార్కుని ఇటు కూర్చోబెడదాం. అటు ఉంటే నేను పట్టుకోగలను."

ఫిలిప్ ఆమె వైపు చూళ్ళేదు. పెట్టె మీద దుమ్ము తుడిచాడు. "నాదేముందమ్మా, ఎక్కడ పెడితే అక్కడ వాయిస్తాను. బావగారితో ఒక మాట చెప్పించు."

"నువ్వు చెప్పకూడదూ? కోడూరులో నువ్వు చూశావుగా."

"నేనా? నేను మెట్లు చూసుకుంటుంటానమ్మా. తల ఎత్తను," అన్నాడు ఫిలిప్.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ మొగుడితో అంది. పెట్టె కుడిపక్కకి మార్చండి, గుడివాడ పరిషత్తు పోటీలకైనా మార్చండి, లేకపోతే అందరిముందూ దిగిపోతాను.

శామ్యూల్ రాజ్ శాంతంగానే విన్నాడు. ముద్ద కలుపుతూ అడిగాడు: "ఎందుకు మార్చారని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"ఏదో ఒకటి చెప్పండి. మీకు చెప్పడం రాదా?"

"మా తాత నాటి నుంచి పెట్టె అక్కడే ఉంది. ఇవ్వాళ అటు మార్చానంటే పది మంది అడుగుతారు. రాణిగారికి ఎడం చెవి వినపడదంట, ఎందుకు వినపడదంట... ఆ మాట ఊరంతా తిరగాలా? నీ కోసం నేను బజార్న పడాలా?" తర్వాత గొంతు తగ్గించాడు. "పాముచెవులు కదా నీవి. ఒక చెవితో పాడు. రాదా?"

అప్పుడర్థమైంది ఆమెకి, వ్యానులో నవ్వు అతనింకా మరిచిపోలేదని.

సమాజానికి అధ్యక్షుడు ప్రకాశరావుగారు. గుడిలోనూ పెద్దే. రిటైరైన హెడ్మాస్టరు, తెల్లటి మనిషి, ఎవరినీ నొప్పించడు. రాజకుమారి వాళ్ళింటికి వెళ్ళింది. మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "అమ్మా, రాజకుమారీ, శామ్యూల్‌తో నేను ప్రార్థనలో మాట్లాడతాను," అన్నాడు. "కానీ నువ్వొకటి ఆలోచించు. ఈ చుట్టుపక్కల ఎంతమంది ఆడపిల్లలు నీ హేమవల్లిని చూసి సహనం నేర్చుకున్నారో! అలాంటిది నువ్వే అల్లరి చేస్తే ఎలాగమ్మా?"

"అల్లరి కాదండి. పెట్టె ఇటు పెట్టమంటున్నాను. అంతే."

"పెట్టె చిన్న విషయమే. చిన్న విషయానికి సంసారం రచ్చకెక్కించుకుంటారా ఎవరైనా?"

పెట్టె చిన్న విషయమైతే మార్చడానికేం అని ఆమె అడగలేదు. ఆయన భార్య సౌభాగ్యమ్మ టీ గ్లాసు అందిస్తూ గుమ్మం దగ్గర మెల్లగా అంది. "నువ్వు నయం, నీకు చప్పట్లైనా కొట్టారు." అని లోపలికెళ్ళిపోయింది. గేటు దాకా వచ్చాక గాని రాజకుమారికి ఆ మాట బోధపడలేదు. వెనక్కి తిరిగి చూస్తే వంటింటి కిటికీ మూసేసి ఉంది.

గుడివాడలో పోటీలు సాయంత్రం మొదలయ్యాయి. వీళ్ళది మొదటి నాటకం. హాలు మంచిది, కుర్చీలు, ఫ్యాన్లు, ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. పాడేవాళ్ళకి వినపడ్డానికి స్టేజీ మీద ఒక మానిటరు బాక్సు ఉందని తెలిసి రాజకుమారికి ప్రాణం లేచొచ్చింది. మైకు అబ్బాయిని అడిగితే, "ఉన్నది ఒక్కటేనండి, హీరోగారి ముందు పెట్టమన్నారు" అన్నాడు.

మొదటి అంకం ఎలాగో ఈదింది. మాటలున్నచోట బానే ఉంది. పాట ఉన్నచోట ఫిలిప్ వేళ్ళు చూసి ఊహించుకుంది. సభ సీను వచ్చింది. రాజు చెయ్యి గాలిలో పోయింది, మార్కు ఠప్పుమని వేశాడు, రాణి పడింది. పోటీల్లో శామ్యూల్ రాజ్ జాగ్రత్తగా ఉంటాడు.

ఆమె లేచి నిలబడి ఫిలిప్ వైపు చూసింది. తిత్తి ఆడుతోంది, వేళ్ళు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఈల ఉంది. ఎక్కడ ఎత్తుకోవాలి? చీకట్లో మెట్టు కోసం కాలు చాపినట్టు గొంతు చాపి చూసింది. ఏమీ తగల్లేదు. హాలంతా ఎదురుచూస్తోంది. ఇరవై ఏళ్ళలో ఆ చోట నిశ్శబ్దం అంతసేపు ఎప్పుడూ లేదు.

రాజకుమారి జనం వైపు తిరిగింది.

"నాకు శ్రుతి వినపట్టం లేదండి," అంది. మామూలుగా, కుళాయి దగ్గర మాట్లాడినట్టు. "ఈ ఎడం చెవి పోయింది. మా ఆయన కొట్టాడు. ఆ పెట్టె ఇటుపక్కకి పెట్టించండి ఎవరైనా. పెడితే పాడతాను."

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫిలిప్ తల ఎత్తలేదు.

శామ్యూల్ రాజ్ ఒక్క అడుగు ముందుకేశాడు. అంతే, అందుకున్నాడు. "ఏమంటివి హేమవల్లీ! నా చేతి దెబ్బకు నీ వీను చెవుడు పడినదా? పతి ఆజ్ఞ వినని చెవి ఉండిననేమి, ఊడిననేమి!"

చప్పట్లు. హాలు హాలంతా.

"నాటకం కాదండి," అంది ఆమె. "నిజంగానే అంటున్నాను. నిజంగానే వినపట్టం లేదు."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. రెండో వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంటోంది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పి తల పంకించాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు, అందరూ ఆమె చెప్పింది విన్నారు, ఎవరూ లేవలేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదనుకుంది ఆ క్షణాన. అంతకంటే పనికిరాని చోటు లేదని అప్పుడే తెలిసింది.

ఇంకేం చెయ్యడానికీ లేక పద్యం ఎత్తుకుంది, గొంతు ఎక్కడ పడితే అక్కడ. ఫిలిప్ వేళ్ళు మెట్ల మీద గబగబా పాకాయి. ఆమె ఎక్కడుందో వెతికి పట్టుకుని, పెట్టె శ్రుతినే ఆమె దగ్గరికి జరిపాడు. ఆమె జారినప్పుడల్లా తనూ జారాడు. నలభై ఏళ్ళ అనుభవం. ఆమె తప్పుతోందని ఒక్కరికీ తెలియనివ్వలేదు. అతను చేసిన సాయం అదీ. పద్యం ముగిసింది, రాణి విషం తాగింది, రాజు ఆరేడు పద్యాలూ ఏ మాత్రం దిగకుండా పాడాడు.

ఉత్తమ నటుడు శామ్యూల్ రాజ్. రాజకుమారికి ప్రత్యేక బహుమతి. పద్యనాటకం పంజరంలోంచి వాడుక మాట రెక్క విప్పుకుని ఎగిరిన ఘట్టమని న్యాయనిర్ణేత ఒకాయన మైకులో వర్ణించాడు. శామ్యూల్ రాజ్ వినయంగా తలవంచి, "మేమిద్దరం కలిసి ఆలోచించుకుని పెట్టిన మాటలండి" అన్నాడు. శాలువా ఆమె ఎడమ భుజం మీంచి జారిపోతే తనే సర్దాడు. ఆ ఫొటో పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది.

వ్యానులో మార్కు అన్నాడు: "వదినగారూ, ఒక్క ముక్క ముందే చెప్పుంటే ఆ మాటల కింద చిన్నగా తబలా వేసుండేవాణ్ణి కదండీ. ఇంకా లేచేది."

ఇంటికొచ్చాక కూడా శామ్యూల్ రాజ్ ఆమెని ఏమీ అనలేదు. ఎందుకంటాడు? ఆ మాటలతో అతనికి పేరొచ్చింది. పెళ్ళయ్యాక అతని కోపానికి ఆమె భయపడని రాత్రి అదొక్కటే, ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు.

ఎవరో తీసిన వీడియో సెల్‌ఫోన్లలో దివిసీమ దాకా పోయింది. కృపమ్మ ఫోను చేసింది. కుడి చెవికి పెట్టుకుని మాట్లాడింది రాజకుమారి.

"చూశాను," అంది కృపమ్మ.

"అది కల్పించింది కాదమ్మా."

"నాకు తెల్సులే."

"ఏం తెల్సు?"

"కోడూరులోనే తెల్సు. మొదటి దెబ్బకే తెల్సింది. కన్నదాన్ని, నీ ఏడుపు నాకు తెలీదా?"

"మరి లేవలేదేమమ్మా?"

"లేచి ఏం చెయ్యనే? చుట్టూరా ఊరు. అందరూ అల్లుడుగారికి చప్పట్లు కొడతన్నారు." అవతల గాలి చప్పుడు. "నేనూ కొట్టాను. కొట్టకపోతే ఈమె కొట్టదేంటని చూస్తారుగా."

రాజకుమారి ఫోను పెట్టేసింది. తల్లి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. వన్స్‌మోర్ అన్నప్పుడు తన చోటుకి తనే నడిచి వెళ్ళి నిలబడింది కదా, తల్లిని ఏమనాలి?

వానలు వెళ్ళేసరికి చెవిలో ఈల పెద్దదైంది. కుడి చెవిలోకీ పాకినట్టుండేది. ప్రకాశరావుగారు కమిటీని కూర్చోబెట్టి, ఎవరినీ నొప్పించకుండా చెప్పాడు. రాజకుమారి చాలాకాలం సేవ చేసింది, ఇక విశ్రాంతి తీసుకోవాలి, కొత్తవాళ్ళకి నేర్పాలి. చెలికత్తె వేషం కట్టే ప్రసన్న ఇకమీదట హేమవల్లి. ఆ కొత్త మాటలు మాత్రం ఉంచేద్దాం, జనం అడుగుతున్నారు. పెట్టె ఇటు పెట్టమన్న ముక్క తీసేద్దాం, రాణి నోట పెట్టె ఏమిటి, బాగోలేదు. మిగతాది బాగుంది. అందరూ సరేనన్నారు. శామ్యూల్ రాజ్ ఆ మాటలు స్క్రిప్టులో రాయించాడు.

ప్రసన్నది పెడన. ఇరవై రెండేళ్ళు. పగలు కలంకారీ అచ్చులు వేస్తుంది, గోళ్ళ నిండా ఎరుపూ నలుపూ. సాయంత్రం ఆటోలో నేర్చుకోవడానికి వచ్చేది. తెలివైన పిల్ల, గొంతు మంచిది. శామ్యూల్ రాజ్ ఇంట్లో లేని ఒక రోజు రాజకుమారి తలుపు వేసి, ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ప్రసన్నా, ఈ వేషం వద్దే. కొడతాడు. నిజంగా కొడతాడు. నా చెవి అలాగే పోయింది. ఆ మాటలు నాటకం కాదు."

ప్రసన్న కాస్త జాలిగా, కాస్త ఇబ్బందిగా చూసింది. "సార్ ముందే చెప్పారు పిన్నీ."

"ఏం చెప్పాడు?"

"మీరిలా అంటారని. వేషం పోయినందుకు మనసు కష్టపెట్టుకున్నారు, ఏమన్నా పట్టించుకోకు, నీకు గురువు, గౌరవించు అన్నారు." ఆ పిల్ల వంగి రాజకుమారి పాదాలకి దణ్ణం పెట్టింది. నిజంగా గౌరవంతోనే పెట్టింది. "మీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు పిన్నీ. నాకు తెలుసు. నేర్పండి చాలు."

రాజకుమారి లేచి తలుపు తీసింది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. గోడ అవతల అనసూయ టీవీ సౌండు తగ్గింది.

"అక్కడ ఏడవాలా పిన్నీ? 'మా ఆయన కొట్టాడు' అనేచోట?"

"వద్దు. మామూలుగా చెప్పు."

ప్రసన్న చెప్పింది. చాలా బాగా చెప్పింది. గోడ అవతల అనసూయ అయ్యో అనడం వినిపించినట్టే ఉంది, లేకపోతే ఈలేమో. తర్వాత ప్రసన్న చెవి మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, శివరంజనిలో పద్యం ఎత్తుకుంది. రాజకుమారి కుడి చెవి ఆ పిల్ల నోటి దగ్గరికి వంచి వింది. గొంతు వినపడింది. గొంతు కింద ఈల. ఏది ఎక్కడుందో, ఏది దిగిందో, ఏది నిలబడిందో, ఎంత వెతికినా తేలలేదు.

పద్యం ఆపి ప్రసన్న ఆత్రంగా అడిగింది: "శ్రుతిలోనే ఉన్నానా పిన్నీ?"

"ఉన్నావమ్మా," అంది రాజకుమారి.